డిస్క్ పరిశీలన నడిచిన ప్రతిసారీ నెట్‌వర్క్ మౌంట్లన్నీ మేలుకుంటున్నాయి: ఎన్ఎఫ్ఎస్‌ను మినహాయించినా ఎందుకిలా?

రాత్రి_కాపలా
నేను చూసుకునే లినక్స్ సర్వర్లలో ప్రాజెక్టు డైరెక్టరీలన్నీ ఎన్ఎఫ్ఎస్ మీద, అంటే నెట్‌వర్క్ ద్వారా ఫైల్ సర్వర్ నుంచి వచ్చే ఫైల్ సిస్టమ్ మీద ఉన్నాయి. ఎవరైనా వాడినప్పుడు మాత్రమే మౌంట్ అయ్యేలా (తమ దారికి తగులుకునేలా) వాటిని ఆటోఎఫ్ఎస్ డైరెక్ట్ మ్యాపులో, అంటే ఒక్కో స్థానానికీ పూర్తి దారి రాసే పట్టికలో పెట్టాను. ఒక్కో సర్వర్‌లో ఇటువంటి స్థానాలు 38 ఉన్నాయి. టైమ్‌అవుట్ 300 సెకన్లు, అంటే ఐదు నిమిషాలపాటు ఎవరూ ముట్టకపోతే వాటంతట అవే అన్‌మౌంట్ కావాలి. కాని ఏ వేళ చూసినా 38కి 38 మౌంట్ అయ్యే కనిపిస్తున్నాయి, ఒక్క మనిషి కూడా లాగిన్ అయి లేని తెల్లవారుజామున కూడా ఇదే పరిస్థితి. ఆటోఎఫ్ఎస్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడితే అన్నీ మాయమవుతాయి, ఐదు నిమిషాలు తిరిగేసరికి అన్నీ ఒకేసారి తిరిగి వచ్చేస్తాయి. నాగియోస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ తరఫున, డిస్కు ఎంత నిండిందో చూసే చెక్_డిస్క్ ప్లగిన్ నడిచేది కూడా సరిగ్గా ఐదు నిమిషాలకు ఒకసారే కాబట్టి అనుమానం దాని మీదికే పోయింది.

ఇది కేవలం చూడటానికి బాగోలేని విషయమైతే ఊరుకునేవాడిని. పోయిన వారం ఒక ఫైల్ సర్వర్‌ను మరమ్మతు కోసం ఆపినప్పుడు ప్రతి యంత్రంలోనూ చెక్_డిస్క్ బిగుసుకుపోయింది, పది సెకన్లకు, ప్లగిన్లను దూరం నుంచి నడిపించే ఎన్ఆర్‌పీఈ టైమ్‌అవుట్ చెప్పింది, దానితో లోకల్ డిస్కులకు ఏ జబ్బూ లేని సర్వర్లన్నీ ఒకేసారి ఎర్రబడ్డాయి. కదలకుండా ‘డీ’ స్థితిలో పడి ఉన్న ప్రాసెసులు గుట్టలుగా పేరుకున్నాయి. నేను పెద్ద ఎక్స్ ఐచ్ఛికంతో ఎన్ఎఫ్ఎస్‌నూ, ఎన్ఎఫ్ఎస్4నూ రెండింటినీ మినహాయించాను. అయినా అది వాటిని ఎందుకు ముడుతోందో అర్థం కావడం లేదు.

బాష్_బాబాయి
మినహాయింపు పెట్టిన ఫైలు ఒకటి, నడుస్తున్న ఫైలు ఇంకొకటి కాదు కదా? అడగటానికి సిగ్గుగానే ఉంది, కాని ఈ విధంగా నేను ఒక పూట మొత్తం పోగొట్టుకున్నాను.

రాత్రి_కాపలా
చూశాను బాబాయి గారూ. ప్రాసెసుల జాబితాలో కనిపించే ఆదేశంలోనే ఆ రెండు మినహాయింపులూ ఉన్నాయి.

లాగ్_చదువరి
చెక్_డిస్క్ మీద నేరం మోపే ముందు అది చేసిందని నిరూపించుకోండి. ఆటోఎఫ్ఎస్ సెట్టింగుల ఫైలులో లాగింగ్‌ను డీబగ్ స్థాయికి పెంచితే, ప్రతి మౌంట్ అభ్యర్థన దగ్గరా ఏ పేరు కావాలని అడిగారో, అడిగిన ప్రాసెస్ సంఖ్య ఏమిటో లాగులో పడుతుంది. మీరు ఆటోఎఫ్ఎస్ కాకుండా సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) ఆటోమౌంట్ యూనిట్లు వాడుతున్నట్లయితే ఇంకా సుఖం, అది జర్నల్ అనే తన లాగులో ప్రాసెస్ సంఖ్య పక్కనే దాని పేరు కూడా రాస్తుంది. ఆటోఎఫ్ఎస్‌లో సంఖ్య మాత్రమే వస్తుంది, మీరు చూసేసరికి ఆ ప్రాసెస్ చచ్చిపోయి ఉంటుంది. అందుచేత ఎన్ఆర్‌పీఈ లాగులోని సమయాలతో పోల్చి చూడటం కన్నా, చెక్_డిస్క్‌ను మీరే చేతితో ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాము కెర్నెల్‌ను పిలిచే పిలుపులను చూపే పనిముట్టు) కింద నడిపి, ఫైల్ సిస్టమ్ పరిమాణం అడిగే స్టాట్ఎఫ్ఎస్ కాల్స్‌ను మాత్రం వడగట్టి చూడటం తేలిక.

రాత్రి_కాపలా
చేశాను. ఆటోఎఫ్ఎస్‌ను తాజాగా మొదలుపెట్టి, ఒక్క మౌంటు కూడా లేదని నిర్ధారించుకుని, ఎస్‌ట్రేస్ కింద చెక్_డిస్క్‌ను నడిపాను. 38 దారుల మీదా వరుసగా స్టాట్ఎఫ్ఎస్ కాల్స్ వెళ్ళాయి, ఒక్కొక్కటీ తిరిగి వచ్చేటప్పటికి ఆ స్థానం మౌంట్ అయి ఉంది. కాబట్టి దొంగ దొరికాడు. తాళం వేసిన తలుపు ఎలా తీశాడన్నదే తేలలేదు.

పాత_సర్వర్
మీరు తాళం వేసింది పక్క తలుపుకు. మౌంటు లేని సమయంలో, కెర్నెల్ తన మౌంట్ల జాబితాను చూపే /ప్రాక్/మౌంట్స్ ఫైలును తెరిచి, ఆ 38 వరుసలలో మూడవ గడి (ఫైల్ సిస్టమ్ రకం) ఏమిటో చదవండి. అక్కడ ఎన్ఎఫ్ఎస్ అని గాని, ఎన్ఎఫ్ఎస్4 అని గాని ఉండదు, ఆటోఎఫ్ఎస్ అని ఉంటుంది. డైరెక్ట్ మ్యాపులోని ప్రతి స్థానం మీదా ఆటోఎఫ్ఎస్ అనే చిన్న కాపలా ఫైల్ సిస్టమ్ ముందే కూర్చుని ఉంటుంది, ఎవరైనా వచ్చి తట్టినప్పుడే అది అసలు ఎన్ఎఫ్ఎస్‌ను తీసుకువచ్చి తన మీద కప్పుకుంటుంది. చెక్_డిస్క్ జాబితా చదివేటప్పటికి అది ఇంకా ఎన్ఎఫ్ఎస్ కాదు కాబట్టి మీ మినహాయింపుకు అది చిక్కలేదు. పరిమాణం ఎంతో కనుక్కుందామని స్టాట్ఎఫ్ఎస్ పిలిచింది, ఆ పిలుపే తట్టడం అయింది, ఎన్ఎఫ్ఎస్ వచ్చింది.

పెద్ద ఎక్స్‌తో ఆటోఎఫ్ఎస్‌ను కూడా మినహాయించండి. ఎన్ఎఫ్ఎస్ మినహాయింపులను మాత్రం తీసివేయవద్దు, అవి కూడా కావాలి.

శూన్య_బైట్
కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఒక్క మాట తక్కువైనందుకు సర్వర్లన్నీ ఎర్రబడ్డాయి.

రాత్రి_కాపలా
పాత_సర్వర్ గారూ, మీరు చెప్పినది మొదటిసారి తట్టినప్పటి సంగతి. ఒకసారి మౌంట్ అయ్యాక జాబితాలో అది ఎన్ఎఫ్ఎస్4 అవుతుంది, అప్పుడు నా మినహాయింపు పని చెయ్యాలి, తరవాత ఐదు నిమిషాల పరిశీలనలో దాన్ని వదిలెయ్యాలి, టైమ్‌అవుట్ తీరి అన్‌మౌంట్ కావాలి. ఆ లెక్కన ఒక విడత వచ్చి ఒక విడత పోతూ కనిపించాలి గాని ఎప్పుడూ 38 ఎందుకుంటాయి?

పాత_సర్వర్
మంచి ప్రశ్న వేశారు, ఈ వ్యవహారం మొత్తానికి ఆయువుపట్టు అదే. మౌంట్ అయ్యాక ఆటోఎఫ్ఎస్ వరుస ఎన్ఎఫ్ఎస్4గా మారిపోదు. ఆటోఎఫ్ఎస్ వరుస ఉన్నచోటే ఉంటుంది, దానికి తోడు అదే దారితో ఎన్ఎఫ్ఎస్4 అనే రెండవ వరుస కిందికి వచ్చి చేరుతుంది. మీ మినహాయింపు ఆ రెండవ వరుసను మాత్రం కొట్టేస్తుంది. మొదటి వరుసను ప్లగిన్ యథాప్రకారం పట్టుకుని దాని దారి మీద స్టాట్ఎఫ్ఎస్ పిలుస్తుంది. వడపోత జరిగేది వరుసను బట్టి, పిలుపు వెళ్ళేది దారిని బట్టి. ఆ దారి మీద ఇప్పుడు పైన ఉన్నది ఎన్ఎఫ్ఎస్ కాబట్టి పిలుపు నేరుగా ఫైల్ సర్వర్ దాకా పోతుంది.

మీ ఎస్‌ట్రేస్‌లో స్టాట్ఎఫ్ఎస్ తెచ్చిన జవాబులో రకం సంఖ్యను చూడండి. ఆటోఎఫ్ఎస్ అయితే పదహారు ఆధారంలో 187 ఉండాలి. మీకు 6969 కనిపిస్తుంది, అది ఎన్ఎఫ్ఎస్ సంఖ్య. అడిగింది ఒకరి గురించి, జవాబిచ్చింది మరొకరు.

రాత్రి_కాపలా
6969 అనే ఉంది. కొత్త ఎస్‌ట్రేస్ ఎన్ఎఫ్ఎస్ అని పేరే రాసి చూపిస్తోంది, నేను చూసి కూడా పట్టించుకోలేదు.

గ్రాఫుల_పిచ్చి
నాకు ఒక అభ్యంతరం ఉంది. స్టాట్ చేసినంత మాత్రాన ఆటోమౌంట్ మేలుకోదని నేను కెర్నెల్ మాన్యువల్‌లో చదివాను. అలా మేలుకుంటే పై డైరెక్టరీలో ఎల్ఎస్ కొట్టినా 38 మౌంట్లూ రావాలి, కాని రావు. మరి పరిశీలన ఎందుకు మేలుకొలుపుతోంది?

కెర్నెల్_కిటికీ
స్టాట్ వేరు, స్టాట్ఎఫ్ఎస్ వేరు, పేర్లు దగ్గరగా ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది. స్టాట్ అడిగేది ఆ దారి చివర ఉన్న వస్తువు ఎవరిది, ఎప్పటిది అన్న వివరం. దాని కోసం మౌంట్ చెయ్యనక్కరలేదని కెర్నెల్ నిర్ణయం, స్టాట్, ఎల్‌స్టాట్ రెండూ దారి చివరి ముక్క దగ్గర ఆటోమౌంట్ చెయ్యకుండానే జవాబిస్తాయి. ఆ అనుమతిని స్పష్టంగా అడగటానికి 2.6.38 కెర్నెల్‌లో ఒక ఫ్లాగు కూడా వచ్చింది. స్టాట్ఎఫ్ఎస్ అడిగేది ఆ దారి కింద ఉన్న ఫైల్ సిస్టమ్‌లో మొత్తం బ్లాకులెన్ని, ఖాళీ ఎంత అని. కాపలా ఫైల్ సిస్టమ్‌లో బ్లాకులే ఉండవు, సున్నా అని జవాబిస్తే అడిగినవాడికి ఉపయోగం లేదు, అందుచేత కెర్నెల్ ఉద్దేశపూర్వకంగానే ఆ కాల్‌లో మౌంటును పూర్తి చేసి అసలు ఫైల్ సిస్టమ్ సంగతి చెబుతుంది. డిస్కు ఎంత నిండిందో తెలుసుకోవాలంటే స్టాట్ఎఫ్ఎస్ పిలవక తప్పదు కాబట్టి, ఆ దారిని కొలిచే ప్రతి పనిముట్టూ మౌంటును లేపుతుంది. ఇది చెక్_డిస్క్ చేసిన తప్పు కాదు.

స్టాట్ విషయంలో కూడా రెండు మెలికలు ఉన్నాయి. దారి చివర వాలుగీత పెట్టి స్టాట్ చేస్తే మౌంట్ అవుతుంది, ఎందుకంటే అప్పుడు ఆ డైరెక్టరీ లోపలికి వెళ్ళమన్నట్టు అర్థం. ఇన్‌డైరెక్ట్ మ్యాపులో, అంటే స్థానాలన్నీ ఒకే పై డైరెక్టరీ కింద పేర్లుగా ఉండే పట్టికలో, ఆ పేర్లు ముందుగా కనిపించకుండా పెట్టుకున్నప్పుడు, ఇంకా లేని పేరు మీద స్టాట్ చేసినా మౌంట్ అవుతుంది, ఆ పేరు ఉందో లేదో చెప్పడానికి కెర్నెల్‌కు వేరే మార్గం లేదు. పైన చెప్పిన ఫ్లాగు పెట్టి అడిగితే 4.14 కెర్నెల్ నుంచి ఆ రెండవదాన్ని కూడా తప్పించుకోవచ్చు.

గ్రాఫుల_పిచ్చి
అంటే డిస్కుల నిండుదలను చూపే డీఎఫ్ ఆదేశం కూడా లేపాలి. నేను రోజుకు పదిసార్లు డీఎఫ్ కొడతాను, ఎప్పుడూ లేపినట్లు లేదే.

కెర్నెల్_కిటికీ
వెనక ఏమీ రాయకుండా డీఎఫ్ అని మాత్రమే కొడితే, ఆటోఎఫ్ఎస్ వరుసలను ఉత్తుత్తి ఫైల్ సిస్టమ్‌లుగా లెక్కగట్టి అది ముట్టకుండా దాటేస్తుంది. డీఎఫ్ తరవాత ఆ దారి పేరు రాస్తే మాత్రం మౌంట్ చేసి మరీ చూపిస్తుంది. మీ వేళ్ళకు మొదటిది అలవాటు అయినట్లుంది.

బాష్_బాబాయి
అయితే చెక్_డిస్క్‌కు చిన్న ఎల్ ఐచ్ఛికం ఇచ్చి లోకల్ డిస్కులను మాత్రమే చూడమంటే సరిపోదా? రకాల పేర్లు ఏరుకునే బాధ తప్పుతుంది.

పాత_సర్వర్
సరిపోదు బాబాయి గారూ, నేనూ ఆ గోతిలో పడ్డవాడినే. ఏది లోకల్, ఏది దూరానిది అని ప్లగిన్ తేల్చుకునేది వరుసలోని మొదటి గడిని, అంటే డివైస్ పేరును చూసి. ఆ పేరులో ద్విబిందువు (:) ఉంటే అది సర్వర్ పేరు, దారి కలిసిన ఎన్ఎఫ్ఎస్ చిరునామా కాబట్టి దూరానిది అని అనుకుంటుంది. రెండు వాలుగీతలతో మొదలై రకం సీఐఎఫ్ఎస్ (విండోస్ తరహా నెట్‌వర్క్ షేరు) అయినా అంతే. ఆటోఎఫ్ఎస్ వరుసలో డివైస్ గడిలో ఉండేది మ్యాపు ఫైలు పేరు, అందులో ద్విబిందువు ఉండదు. కాబట్టి నెట్‌వర్క్ మీదికి తీసుకువెళ్ళే ఆ వరుస ప్లగిన్ కంటికి అచ్చమైన లోకల్ డిస్కు.

సిస్టమ్‌డీ పెట్టిన ఆటోమౌంట్లకైతే డివైస్ పేరు సిస్టమ్‌డీ-1 అని ఉంటుంది, అదీ అంతే. రకం గడిలో మాత్రం రెండు చోట్లా ఆటోఎఫ్ఎస్ అనే ఉంటుంది కనుక మినహాయింపు ఒకటే చాలు.

శూన్య_బైట్
ద్విబిందువు లేకపోతే ఇంటివాడు, ఉంటే పరాయివాడు. ఇంత సులభమైన పౌరసత్వ చట్టం ఎక్కడా లేదు.

లాగ్_చదువరి
సిస్టమ్‌డీ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఒక్క ఎన్ఎఫ్ఎస్ మౌంటు కూడా లేని యంత్రంలో నాకు ఇదే చీడ కనిపించింది. జర్నల్ నిండా బిన్‌ఎఫ్ఎంటీ_మిస్క్ అనే స్థానానికి ఆటోమౌంట్ అభ్యర్థన వచ్చిందనీ, లేపినది చెక్_డిస్క్ అనీ వరుసగా పడుతూ ఉండేది. అది /ప్రాక్ కింద సిస్టమ్‌డీ తనంతట తాను పెట్టుకునే చిన్న ఆటోమౌంట్. దానివల్ల నష్టమేమీ లేదు, కాని మీలో ఎవరికైనా నెట్‌వర్క్ లేకుండా ఈ ప్రవర్తనను పరీక్షించాలనిపిస్తే దానికన్నా మంచి ప్రయోగశాల దొరకదు. ఆ యూనిట్‌ను ఆపి తిరిగి మొదలుపెట్టి, అనుమానం ఉన్న పనిముట్టును ఒకసారి నడిపి, జర్నల్ చూస్తే తెలిసిపోతుంది.

రాత్రి_కాపలా
ఆటోఎఫ్ఎస్ మినహాయింపు పెట్టి ఒక సర్వర్‌లో రాత్రంతా వదిలేశాను. చెక్_డిస్క్ ఇప్పుడు ఆ దారుల జోలికి పోవడం లేదు, ఎస్‌ట్రేస్ సాక్షిగా. కాని ఉదయం చూస్తే 11 మౌంట్లు ఉన్నాయి, వాటిలో చాలావాటిని వాడేవారు సాయంత్రమే వెళ్ళిపోయారు. కొత్తవి లేవడం ఆగింది, లేచినవి పడుకోవడం లేదు. ఆ యంత్రంలో ప్రొమీథియస్ అనే మానిటరింగ్ వ్యవస్థకు యంత్రపు అంకెలను అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్ కూడా నడుస్తోంది, దానిలో ఆటోఎఫ్ఎస్ మినహాయింపు సహజంగానే ఉందని చెప్పారు కాబట్టి నేను దాన్ని పట్టించుకోలేదు.

గ్రాఫుల_పిచ్చి
నోడ్ ఎక్స్‌పోర్టర్ నా వ్యవసాయం కాబట్టి నేను చెబుతాను. దాని మినహాయింపు రకాల జాబితాలో ఆటోఎఫ్ఎస్ మొదటినుంచీ ఉంది, అందువల్ల నిద్రపోతున్నవాటిని అది లేపదు. కాని ఎన్ఎఫ్ఎస్4 ఆ జాబితాలో లేదు. ఎవరో మనిషి మౌంటును లేపాక వచ్చి చేరే రెండవ వరుసను అది చూస్తుంది, దాని మీద స్టాట్ఎఫ్ఎస్ పిలుస్తుంది, ఆ తరవాత ప్రతి స్క్రేపుకూ (ప్రొమీథియస్ వచ్చి అంకెలు తీసుకున్న ప్రతిసారీ) పిలుస్తూనే ఉంటుంది. మీది ఎన్ని సెకన్లకు ఒకసారో తెలియదు గాని, 300 సెకన్ల కన్నా తక్కువే అయి ఉంటుంది. ప్రతి పిలుపూ టైమ్‌అవుట్ గడియారాన్ని మళ్ళీ సున్నాకు తిప్పుతుంది. రకాల మినహాయింపు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో ఎన్ఎఫ్ఎస్ రకాలను కలపండి. ఒక జాగ్రత్త ఏమిటంటే, ఆ ఫ్లాగును మీరు ఇస్తే సహజంగా ఉన్న జాబితాకు అది కలవదు, దాని స్థానంలో వచ్చి కూర్చుంటుంది. పాత జాబితా మొత్తాన్ని తిరిగి రాసి చివర మీవి చేర్చాలి. నేను ఎన్ఎఫ్ఎస్ ఒక్కటే రాసి ఆటోఎఫ్ఎస్‌ను పోగొట్టుకున్నాను, జబ్బుకు మందు వేసి అసలు జబ్బునే తెచ్చుకున్నట్లయింది.

కెర్నెల్_కిటికీ
ఆటోఎఫ్ఎస్ వైపు నుంచి కూడా ఒక మందు ఉంది. మాస్టర్ మ్యాపులో (మిగతా మ్యాపులను పేర్కొనే ప్రధాన పట్టికలో) ఆ వరుసకు స్ట్రిక్ట్‌ఎక్స్‌పైర్ అనే ఐచ్ఛికం ఇస్తే, దారి వెంట నడిచిపోయినంత మాత్రాన చివరి వాడకం సమయాన్ని కెర్నెల్ మార్చదు. మౌంట్ల చెట్టును ఊరికే తిరిగి చూసే పనిముట్ల వల్ల మౌంట్లు బతికి ఉండకూడదనే దీన్ని పెట్టారు. కెర్నెల్ కూడా దాన్ని ఎరిగినదై ఉండాలి, మరీ పాతవాటిలో పని చెయ్యదు.

దీనికి హద్దు కూడా ఉంది. ఒక పనిముట్టు మౌంట్ల జాబితాను చదివిన క్షణంలో ఎన్ఎఫ్ఎస్4 వరుస ఉంది అనుకోండి. అది స్టాట్ఎఫ్ఎస్ పిలిచేలోగా టైమ్‌అవుట్ తీరి ఆటోఎఫ్ఎస్ దాన్ని దించేసింది అనుకోండి. ఇప్పుడు ఆ పిలుపు కాపలావాడి తలుపు తట్టి మళ్ళీ మౌంట్ చేయిస్తుంది. ఈ సందును స్ట్రిక్ట్‌ఎక్స్‌పైర్ మూయలేదు. పనిముట్టు ఆ దారిని అసలు ముట్టకుండా చూసుకోవడమే దానికి విరుగుడు.

అంకెల_లెక్క
జాబిక్స్ అనే మరో మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఒక మాట. వడపోత ఎక్కడ జరుగుతోందో చూసుకోవాలి. నేను డిస్కవరీ నియమంలో (కొలవవలసిన ఫైల్ సిస్టమ్‌లను వెతికే నియమంలో) రకాన్ని బట్టి వడగట్టి, ఇక నా పని అయిపోయిందనుకున్నాను. కాని ఫైల్ సిస్టమ్‌ల వివరాలన్నింటినీ ఒకే దెబ్బకు తెచ్చే ఐటమ్‌ను వాడినప్పుడు, ఏజెంటు ప్రతి వరుస మీదా పరిమాణం కొలిచి మొత్తం సమాచారాన్ని పంపేస్తుంది, నా వడపోత సర్వర్ దగ్గర ఆ తరవాత జరుగుతుంది. స్క్రీన్ మీద ఎన్ఎఫ్ఎస్ ఒక్కటీ కనిపించదు, కింద మాత్రం అన్నీ లేచి కూర్చుని ఉంటాయి. పేర్లూ రకాలూ మాత్రమే తెచ్చే పాత డిస్కవరీ ఐటమ్‌కు వెళ్ళి, కావలసిన వాటికే విడిగా పరిమాణం అడిగేలా మార్చాక ఆగింది.

పాత_సర్వర్
ఇది చాలా ముఖ్యమైన మాట. స్క్రీన్ మీద కనిపించకపోవడం వేరు, ముట్టకపోవడం వేరు.

ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ మీదుగా యంత్రాల స్థితిని అడిగే ప్రోటోకాల్) ఏజెంటు నడిపేవారు కూడా చూసుకోండి. హోస్ట్ రిసోర్సెస్ పట్టికను ఎవరైనా మొత్తంగా నడిచినప్పుడు అది కూడా మౌంట్లను కొలుస్తుంది. దాని సెట్టింగుల ఫైలులో ఆ పట్టిక నుంచి ఎన్ఎఫ్ఎస్‌ను దాటవేయమనే సూచన ఒకటి ఉంది, దాన్ని 1 చేసి చూడండి.

నియమాల_నాగు
మీరందరూ వద్దన్నవాటి జాబితాలు రాసుకుంటూ పోతున్నారు, నేను దానికి వ్యతిరేకిని. ఈ రోజు ఆటోఎఫ్ఎస్, రేపు ఫ్యూజ్ మీద నడిచేది ఇంకేదో, ఎల్లుండి మరొకటి. చెక్_డిస్క్‌లో కావలసిన రకాలను మాత్రమే చెప్పే పెద్ద ఎన్ ఐచ్ఛికం ఉండగా, ఎక్స్‌ట్4, ఎక్స్ఎఫ్ఎస్ అని రెండు పేర్లు రాసి ఊరుకోవచ్చు. వాటిలో పేరు లేనిది దేన్నీ అది ముట్టదు, కొత్తగా ఏ వింత ఫైల్ సిస్టమ్ వచ్చినా మీ నిద్ర చెడదు.

అంకెల_లెక్క
నిద్ర చెడదు, డిస్కు చెడుతుంది. నేను సరిగ్గా మీరు చెప్పినట్లే రాసుకున్నాను. రెండేళ్ళ తరవాత మరొకరు కొత్త డేటా డిస్కును బీటీఆర్ఎఫ్ఎస్‌తో తయారు చేశారు, నా జాబితాలో ఆ పేరు లేదు, అది నూటికి నూరు నిండి డేటాబేస్ ఆగిపోయేదాకా పరిశీలన పచ్చగానే ఉంది. వద్దన్నవాటి జాబితాలో తప్పు జరిగితే అనవసరపు గోల వస్తుంది, కావలసినవాటి జాబితాలో తప్పు జరిగితే అనవసరపు నిశ్శబ్దం వస్తుంది. నాకు గోలే మేలు.

నియమాల_నాగు
పోయిన వారం రాత్రి_కాపలా గారికి వచ్చిన గోల చూశాక కూడా ఆ మాట అంటున్నారా? సర్వర్లన్నీ ఎర్రబడినప్పుడు నిజంగా నిండిన డిస్కు ఒకటి ఉన్నా ఎవరికీ కనిపించదు. కొత్త డిస్కు పెట్టేవారు పరిశీలనలో దాన్ని చేర్చాలన్నది పద్ధతికి సంబంధించిన లోపం, ఐచ్ఛికానిది కాదు.

అంకెల_లెక్క
పద్ధతిని పాటించేవారే అందరూ అయితే మానిటరింగ్‌తో పనేముంది?

బాష్_బాబాయి
ఇద్దరూ ఆగండి. నేను రెండూ వాడతాను. పరిమాణం కొలిచేది కావలసినవాటి జాబితాతో నడుస్తుంది. దాని పక్కనే రోజుకు ఒకసారి నడిచే పది వరుసల స్క్రిప్టు ఒకటి ఉంది, అది /ప్రాక్/సెల్ఫ్/మౌంట్‌ఇన్ఫో ఫైలును చదివి, నాకు తెలిసిన రకాలలో లేని పేరు ఏదైనా కనిపిస్తే ఒక మెయిలు పంపుతుంది. ఆ ఫైలును చదవడం కెర్నెల్‌లోని జాబితాను చదవడమే కాబట్టి ఏ మౌంటూ లేవదు, ఏ సర్వరూ బిగుసుకోదు. అందమైన పరిష్కారం కాదని నాకూ తెలుసు.

కొత్త_అడ్మిన్
మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఎన్ఎఫ్ఎస్ మొత్తాన్ని వదిలేస్తే అది నిండిపోయినప్పుడు ఎవరు చెబుతారు?

పాత_సర్వర్
ఫైల్ సర్వర్ చెబుతుంది. ఒకే వాల్యూమును నలభై యంత్రాల నుంచి కొలిస్తే, అది నిండిన రోజున నలభై హెచ్చరికలు వస్తాయి, అన్నీ ఒకే వార్త చెబుతాయి. నిండిందా లేదా అన్నది దాన్ని ఉంచుకున్న చోటే ఒక్కసారి కొలవాలి.

లాగ్_చదువరి
దానితో సగమే ఏకీభవిస్తాను. నిండటాన్ని అక్కడ కొలవండి, సరే. కాని ఒక యంత్రం నుంచి ఆ మౌంటు అందుతోందా, హ్యాండిల్ (సర్వర్ ఇచ్చిన ఫైలు గుర్తు) పాతబడిపోయిందా అన్నది ఆ యంత్రం నుంచే తెలుస్తుంది. ఫైల్ సర్వర్ ఆరోగ్యంగా ఉండి, మధ్యలో ఫైర్‌వాల్ నియమం ఒకటి మారినందువల్ల మూడు యంత్రాలకు మాత్రమే మౌంట్లు ఆగిపోయిన సందర్భం నేను చూశాను. అక్కడి నుంచి కొలిచేది ఏదీ దాన్ని పట్టలేదు, వాడేవారు ఫోన్ చేస్తే తెలిసింది.

పాత_సర్వర్
అందుకు వేరే పరిశీలన పెట్టండి, డిస్కు పరిశీలనలో కలపవద్దు. అరగంటకు ఒకసారి, ఒకే ఒక చిన్న పరీక్షా ఎక్స్‌పోర్టు మీద, లోకల్ డిస్కుల హెచ్చరికతో ఏ సంబంధమూ లేకుండా. అది బిగుసుకుంటే అది మాత్రమే ఎర్రబడుతుంది. పెద్ద ఎల్ ఐచ్ఛికం దూరపు మౌంట్లను థ్రెషోల్డులతో పోల్చకపోయినా అందుతున్నాయో లేదో చూడటానికి ముడుతుందన్నది గుర్తుంచుకోండి. చిన్న ఎల్ అనుకుని పెద్ద ఎల్ రాసినవారిని చూశాను.

కెర్నెల్_కిటికీ
ఆ పరీక్షను టైమ్‌అవుట్ అనే ఆదేశం కింద నడిపేటప్పుడు కిల్ సిగ్నల్ పంపమని స్పష్టంగా చెప్పండి. హార్డ్ మౌంటులో (సర్వర్ జవాబిచ్చేదాకా వదలక ప్రయత్నించే మౌంటులో) ఎన్ఎఫ్ఎస్ జవాబు కోసం ఎదురుచూసే ప్రాసెస్ మామూలు సిగ్నళ్ళకు లేవదు, 2.6.25 కెర్నెల్ నుంచి ప్రాణం తీసే సిగ్నల్‌కు మాత్రం లేస్తుంది. చెక్_డిస్క్ లోపల ఉన్న పది సెకన్ల గడువు అలారం సిగ్నల్ మీద నడుస్తుంది, దాన్ని ప్లగిన్ పట్టుకుని సందేశం రాద్దామని చూస్తుంది కాబట్టి ఆ గడువు సరిగ్గా అవసరమైన చోటే పని చెయ్యదు. పోయిన వారం పేరుకున్న గుట్టలకు కారణం అదే.

మీరు సొంతంగా ప్రోగ్రాము రాసుకోదలిస్తే ఇంకా మర్యాదైన మార్గం ఉంది. ఓ_పాత్ ఫ్లాగుతో దారిని తెరిస్తే, ఇంకా లేవని ఆటోమౌంట్ స్థానమైనా దాన్ని లేపకుండానే ఒక డిస్క్రిప్టర్ వస్తుంది. దాని మీద ఎఫ్‌స్టాట్ఎఫ్ఎస్ పిలిచి రకం సంఖ్య 187 అని వస్తే అది నిద్రపోతున్నదని అర్థం, అక్కడితో వదిలెయ్యండి. ఈ పద్ధతి ఓపెన్ మాన్యువల్ పేజీలోనే ఉంది.

కొత్త_అడ్మిన్
డైరెక్ట్ మ్యాపుకు బదులు ఇన్‌డైరెక్ట్ మ్యాపు అయితే ఈ తలనొప్పే ఉండదా?

కెర్నెల్_కిటికీ
చాలావరకు ఉండదు. ఇన్‌డైరెక్ట్‌లో మౌంట్ల జాబితాలో కనిపించేది పై డైరెక్టరీ ఒక్కటే, 38 స్థానాలకు 38 వరుసలు ఉండవు. పై డైరెక్టరీ మీద స్టాట్ఎఫ్ఎస్ పిలిస్తే సున్నా బ్లాకులని చెప్పి ఊరుకుంటుంది, లోపలివాటిని లేపదు. లేచినవాటి ఎన్ఎఫ్ఎస్4 వరుసలు మాత్రం అక్కడా వస్తాయి, కాబట్టి గ్రాఫుల_పిచ్చి గారు చెప్పిన రెండవ జబ్బు అక్కడా ఉంటుంది.

రాత్రి_కాపలా
స్థానాలన్నీ వేర్వేరు లోతులలో ఉన్నాయి, ఇప్పుడు ఒక్క డైరెక్టరీ కిందికి తీసుకురావాలంటే వాడేవారి స్క్రిప్టులన్నీ విరుగుతాయి. డైరెక్ట్ తోనే ఉంటాను.

చేసిన మార్పులు ఇవి. చెక్_డిస్క్‌కు ఆటోఎఫ్ఎస్ మినహాయింపు, పాత రెండూ అలాగే ఉంచి. నోడ్ ఎక్స్‌పోర్టర్‌లో పూర్తి జాబితా తిరిగి రాసి ఎన్ఎఫ్ఎస్ రకాలు చేర్చాను. స్ట్రిక్ట్‌ఎక్స్‌పైర్ పెట్టలేదు, అవసరం పడితే చూద్దామని. బాబాయి గారి పది వరుసల స్క్రిప్టు ఆలోచన కూడా తీసుకున్నాను, నియమాల_నాగు గారూ అంకెల_లెక్క గారూ మన్నించాలి. నిన్న మధ్యాహ్నం 14 మౌంట్లు ఉన్నాయి, రాత్రి పదికి 3, తెల్లవారుజామున 1. ఆ ఒక్కటీ మాత్రం దిగడం లేదు. దాన్ని పట్టుకుని ఉన్నది ఎవరో చూద్దామని, తెరిచి ఉన్న ఫైళ్ళను చూపే ఎల్ఎస్ఓఎఫ్ కొట్టబోయి ఆగాను, అది కూడా అన్నింటినీ ముడుతుందేమోనని.

లాగ్_చదువరి
ఆగి మంచి పని చేశారు, అది మౌంట్ల మీద స్టాట్ పిలుస్తుంది, అందని ఎన్ఎఫ్ఎస్ ఉంటే బిగుసుకుంటుంది. దానికి చిన్న బీ ఐచ్ఛికం ఇస్తే అలా ఆగిపోగల కాల్స్‌ను తప్పించుకుంటుంది. ఇంకా సులువైనది, /ప్రాక్ కింద ప్రతి ప్రాసెస్ సంఖ్యలో, ఆ ప్రాసెస్ ఏ డైరెక్టరీలో ఉందో చూపే సీడబ్ల్యూడీ అనే లింకును రీడ్‌లింక్‌తో చదవండి. అది కెర్నెల్ దగ్గర ఉన్న దారి పేరును మాత్రమే చెబుతుంది, ఫైల్ సర్వర్‌ను అడగదు. ఎవరో ఆ డైరెక్టరీలోకి సీడీ చేసి షెల్‌ను వదిలేసి వెళ్ళి ఉంటారు.

రాత్రి_కాపలా
దొరికింది. షెల్ ఒకటి ఆ డైరెక్టరీలోనే కూర్చుని ఉంది, తొమ్మిది రోజులుగా. మొదటి రోజున ఈ సంగతి తేల్చుదామని స్క్రీన్ సెషన్ (లాగౌట్ అయినా బతికే టెర్మినల్) తెరిచి, ఏమవుతుందో చూద్దామని అందులోకి సీడీ చేసినది నేనే. మూసేశాను. ఐదు నిమిషాల తరవాత సున్నా.

శూన్య_బైట్
పరిశీలించడం వల్లనే మౌంట్ అవుతోందన్న మీ మొదటి ఫిర్యాదు నిజమేనన్నమాట.